పాత చర్చిల్లో సంఘ కూటాన్ని మళ్లీ నిలబెట్టండి

సంపాదకులకు,

నమస్కారం. చిత్తూరు, తిరుపతి, పలమనేరు, మదనపల్లె వైపు పాత చర్చిలు వార్షికోత్సవాలు చేసుకునేటప్పుడు గేటు పక్కన పెద్ద ఫ్లెక్సీ కట్టడం మామూలైంది. ‘మా దర్శనం, మా విలువలు, మా వారసత్వం’ అని మూడు శీర్షికలు (దర్శనమంటే సంఘం ముందు పెట్టుకున్న లక్ష్యం), వాటి కింద నాలుగేసి మంచి మాటలు. ఊరి పేరు మార్చి ఆ ఫ్లెక్సీని పక్క ఊరి చర్చికి కట్టినా ఎవరికీ తేడా తెలియదు. మాకు బాధ కలిగించేది అదే. ఈ మూడు మాటలకూ చాలా కచ్చితమైన అర్థం చెప్పిన సంప్రదాయం ఒకటి మన చర్చిల పునాదుల్లోనే ఉంది. దాని పేరు కాంగ్రిగేషనల్. దాని గుండెకాయ సంఘ కూటం, అంటే పేరు పేరునా సభ్యులందరూ కూర్చుని సంఘం సంగతి తేల్చుకునే సభ. చాలాచోట్ల ఆ కూటం ఏడాదికొకసారి ఆరాధన అయ్యాక పది నిమిషాల్లో చప్పట్లతో ముగిసిపోతోంది. దాన్ని ఎలా నిలబెట్టాలో, దాని పుస్తకాలనూ కట్టడాలనూ ఎలా కాపాడుకోవాలో తెలిసినంత వరకు రాస్తున్నాం. కాస్త పొడవైనా ప్రచురించమని మనవి.

ముందు ఇది మన దగ్గరికి ఎలా వచ్చిందో చెప్పాలి. 1795లో లండన్‌లో ఒక మిషనరీ సంఘం పుట్టింది. తర్వాత లండన్ మిషనరీ సొసైటీ అన్న పేరుతో స్థిరపడింది. మన పెద్దలు ‘లండన్ మిషన్’ అనేది దీన్నే. మొదట్లో పలు శాఖలవాళ్లు కలిసి నడిపినా రానురాను ఎక్కువగా కాంగ్రిగేషనల్ సంఘాల చేతిలోనే నడిచింది. 1796లో ఆ సొసైటీ ఒక మూల సూత్రం రాసుకుంది. బిషప్పుల పద్ధతి గానీ, పెద్దల సభల పద్ధతి గానీ, స్వతంత్ర సంఘాల పద్ధతి గానీ మనం మోసుకెళ్లి రుద్దకూడదు, సువార్త చెప్పాలి, తమ సంఘం ఏ తీరుగా నడవాలో విశ్వసించిన అక్కడివాళ్లే తేల్చుకోవాలి అని దాని సారాంశం. మన ప్రాంతపు చర్చిలకు పుట్టుకతో దక్కిన హక్కు ఇది. ఏ ఫ్లెక్సీ మీదా ఈ మాట మేం చూడలేదు.

1805లో క్రాన్, డెగ్రాంజెస్ అనే ఇద్దరు ఆ సొసైటీ తరఫున విశాఖపట్నం చేరారు. వాళ్లు ఎక్కువ కాలం బతకలేదు. ఒకరు 1809లో, ఇంకొకరు 1810లో పోయారు. ఆనందరాయర్ అనే తెలుగు పండితుడి సాయంతో వాళ్లు మొదలుపెట్టిన సువార్తల తెలుగు అనువాదం తర్వాత బెంగాల్‌లోని సేరంపూర్‌లో అచ్చయింది. 1810లో బళ్లారిలో, 1822లో కడపలో లండన్ మిషన్ పని మొదలైంది. గుత్తి, అనంతపురం, జమ్మలమడుగు ఆ వరసలోవే. చిత్తూరులోనూ 1830లలో లండన్ మిషన్ పనివాళ్లు ఉన్నారు. తర్వాత అమెరికా మిషనరీలైన స్కడ్డర్ సోదరులు 1853లో ఆర్కాట్ మిషన్‌ను ఏర్పరిచినప్పుడు వాళ్ల తొలి కేంద్రాల్లో చిత్తూరు ఒకటి. ఆ స్కడ్డర్లు రిఫార్మ్‌డ్ చర్చివాళ్లు, అంటే పెద్దల సభల పద్ధతివాళ్లు. అయితే వాళ్లను పంపింది అమెరికన్ బోర్డు. అది 1810లో మసాచుసెట్స్ కాంగ్రిగేషనల్ సంఘాల్లో పుట్టిన మిషనరీ సంస్థ. 1857లో రిఫార్మ్‌డ్ చర్చి ఆ బోర్డు నుంచి విడిపోయి సొంతంగా పని నడుపుకుంది.

అందుకే పూర్వపు చిత్తూరు జిల్లా సంఘాల్లో రెండు పాయలు కనిపిస్తాయి. పెద్దలు, డీకన్లు, వాళ్లపైన ప్రాంతీయ సభ ఉండేది రిఫార్మ్‌డ్ పాయ. సభ్యుల కూటమే మొదటి మాట చెప్పేది కాంగ్రిగేషనల్ పాయ. కడప, అనంతపురం వైపు నుంచి ఉద్యోగాలకు వచ్చి తిరుపతిలో స్థిరపడిన కుటుంబాలు రెండోదాన్ని వెంట తెచ్చుకున్నాయి. తిరుపతి, శ్రీకాళహస్తి వైపు అసలు పాత పని జర్మన్ హెర్మన్స్‌బర్గ్ మిషన్‌ది, అంటే లూథరన్లది. దాన్ని ఇందులో కలిపి చెప్పకూడదు. 1908లో కాంగ్రిగేషనల్, ప్రెస్బిటేరియన్, రిఫార్మ్‌డ్ పాయలు సౌత్ ఇండియా యునైటెడ్ చర్చిగా కలిశాయి. 1947 సెప్టెంబర్ 27న మద్రాసు సెయింట్ జార్జ్ కెథెడ్రల్‌లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ఈ యునైటెడ్ చర్చివాళ్లు ఒకటై సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఏర్పడింది. ఆ కలయికకు ఆధారమైన పత్రం బిషప్పుకూ పెద్దల సభకూ సంఘ సభ్యులకూ ముగ్గురికీ తగిన చోటు ఉండాలని స్పష్టంగా చెప్పింది. మూడు పేటల తాడన్నమాట. బిషప్పుల పేట గట్టిగానే ఉంది. కమిటీల పేట అవసరానికి మించి గట్టిగా ఉంది. సభ్యుల పేటే వదులైపోయింది.

కాంగ్రిగేషనల్ అంటే ‘ఎవరికి వారే’ అనుకునేవాళ్లున్నారు. కానే కాదు. 1582లో రాబర్ట్ బ్రౌన్ ఇంగ్లండు రాణి ప్రభుత్వం కోసం ఆగకుండానే సంఘాన్ని సంస్కరించుకోవాలని రాశాడు. 1593లో బారో, గ్రీన్‌వుడ్, పెన్రీ అనే ముగ్గురిని ఉరి తీశారు. వాళ్లు పట్టుకున్న మాట మత్తయి సువార్త 18వ అధ్యాయంలోనిది. ఇద్దరు ముగ్గురు క్రీస్తు పేరున ఎక్కడ కూడితే ఆయన అక్కడ ఉంటాడన్నది. ఉన్నాడని నిజంగా నమ్మితే ఆ కూటానికి పైన ఇంకో అధికారి అక్కర్లేదు, ఆ కూటాన్ని తేలిగ్గా తీసుకునే వీలూ లేదు. కాబట్టి సంఘ కూటం అంటే చేతులెత్తి లెక్కపెట్టే పంచాయతీ ఎన్నిక కాదు. ఈ విషయంలో ప్రభువు మనల్ని ఏం చేయమంటున్నాడని అందరూ కలిసి వెతకడం. 31 మంది ఔనని, 29 మంది కాదని అంటే గెలిచామనుకుని కట్టడం మొదలుపెట్టరు. నెల రోజులు వాయిదా వేసి ప్రార్థించి మళ్లీ కూడతారు. ఈ ఒక్క అలవాటు ఉన్నా చాలా సంఘాలు కోర్టు మెట్లు ఎక్కేవి కావని మా గట్టి నమ్మకం.

ఇక కూటం ఎలా జరపాలి. డయాసిస్ (ఒక బిషప్పు కింది ప్రాంతం) నియమావళి ఉన్నచోట దాన్ని దాటకూడదు. దాని లోపలే చేయదగ్గవి చాలా ఉన్నాయి. మొదటిది సభ్యుల జాబితా. కూటానికి ఆరు వారాల ముందే సంస్కార సభ్యుల (ప్రభు భోజన సంస్కారంలో పాలుపొందేవాళ్ల) జాబితాను వీధుల వారీగా సరిచూడాలి. చనిపోయినవాళ్లు, బదిలీ మీద బెంగళూరో చెన్నైయో వెళ్లిపోయినవాళ్లు, పెళ్లై వేరే సంఘానికి వెళ్లిన ఆడపిల్లలు, ఈ ఏడాది కొత్తగా నిర్ధారణ పొందినవాళ్లు (తమ విశ్వాసాన్ని సంఘం ముందు ఒప్పుకుని పూర్తి సభ్యులైనవాళ్లు) అని నాలుగు రంగుల పెన్నులతో గుర్తు పెట్టుకుంటే పని తేలిక. ఆ జాబితాను చర్చి వరండాలో రెండు ఆదివారాలు అందరికీ కనిపించేలా అంటించాలి. అభ్యంతరాలు కాగితం మీద తీసుకోవాలి. ఎక్కువ తగాదాలు పుట్టేది ఇక్కడే. కూటం రోజు ఉదయం కొత్త పేర్లు చేర్చడం, చందా బాకీ ఉందని కొందరిని తీసేయడం. తీసేయాలంటే బాకీ ఎంతో రాసి నెల ముందే ఇంటికి చీటీ పంపాలి. బాకీ కట్టలేని బీదవాళ్లను అసలు తీసేయకూడదు. ఇచ్చే స్తోమత లేనివాడి మాటకూ విలువ ఉండాలనే కదా ఈ పద్ధతి పుట్టింది.

రెండోది నోటీసు. వరసగా రెండు ఆదివారాలు ఆరాధనలో చదవాలి. అందులో తేదీ, గంట, చోటుతో పాటు చర్చించబోయే అంశాలు ఒక్కొక్కటి రాయాలి. ‘ఇతర విషయాలు’ అని చివర పెట్టి దాని కిందే స్థలం అమ్మకం, దుకాణాల అద్దె లాంటివి తేవడం పెద్ద తప్పు. డబ్బుతో, భూమితో ముడిపడ్డ ఏ తీర్మానమూ నోటీసులో లేకుండా రాకూడదని ముందే ఒక తీర్మానం చేసుకోవాలి. కోరం, అంటే కూటం చెల్లడానికి కావాల్సిన కనీస హాజరు, ఎంతో నియమావళిలో లేకపోతే జాబితాలో మూడో వంతు పెట్టుకోవచ్చు. కూటాన్ని ఆరాధన తర్వాత అందరూ ఆకలితో ఉన్నప్పుడు పెట్టొద్దు. ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు పెడితే ఇంట్లో వంట ముగించుకుని ఆడవాళ్లు కూడా వస్తారు. వాళ్లు లేని కూటం సగం కూటమే.

జరిగే వరస కూడా ముఖ్యం. ప్రార్థన, కీర్తన, వాక్యం. తర్వాత కిందటి కూటం తీర్మానాలు చదివి ఏది నెరవేరింది, ఏది లేదు అని ఒక్కొక్కదానికీ జవాబు చెప్పడం. ఆ తర్వాత లెక్కలు. అప్పుడు అంశాలు. మాట్లాడేవాళ్లకు ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. ఒకసారి మాట్లాడినవాళ్లు మిగతా అందరి వంతూ అయ్యాకే మళ్లీ లేవాలి. లేకపోతే గొంతున్న ఐదుగురే గంటన్నర తినేస్తారు. మనుషులను ఎన్నుకోవాల్సి వస్తే చేతులెత్తించకుండా చీటీలు వేయించాలి. పక్కింటివాళ్లు చూస్తుండగా చెయ్యెత్తడం అందరివల్లా కాదు. చీటీలు లెక్కపెట్టేందుకు పోటీలో లేని ఇద్దరిని, వీలైతే పక్క సంఘం నుంచి, పిలవాలి.

తీర్మానాల పుస్తకం గురించి ఒక మాట. విడి కాగితాలు, వాట్సాప్ మెసేజీలు తీర్మానాలు కావు. పుటలకు ముందే సంఖ్యలు అచ్చైన గట్టి బైండు పుస్తకం ఒకటి కొనాలి. రాసే వాక్యం ఇలా ఉండాలి: ఏం చేయాలి, ఎవరు చేయాలి, ఎంత ఖర్చులో, ఏ తేదీలోపు. ‘చర్చించడమైనది’ అన్న మాటతో ముగిసే తీర్మానం ఎవరికీ ఉపయోగపడదు. రాసింది కూటం ముగిసేలోపే చదివి వినిపించి అక్కడికక్కడే సంతకాలు తీసుకోవాలి. కొట్టివేతలుంటే పక్కన పొడి సంతకం. వైట్‌నర్ ఆ పుస్తకం దగ్గరికి రానివ్వకూడదు.

లెక్కల దగ్గర నమ్మకం చెడితే కూటం ఎంత బాగా జరిపినా నిలవదు. అందుకని కానుకల లెక్కను కాస్త దగ్గరగా చూపిస్తాం. ఆరాధన అయిన వెంటనే, సంచులు వెస్ట్రీలోకి (చర్చి పక్క గదిలోకి) వెళ్లాక, ఒకే కుటుంబానికి చెందని ముగ్గురు కూర్చోవాలి. కోశాధికారి వాళ్లలో ఉండకూడదు, ఆయన తీసుకునేవాడు మాత్రమే. ఒక చీటీ మీద నోట్ల వారీగా రాయాలి. ఉదాహరణకు 500 నోట్లు 14, రూ. 7,000. 200 నోట్లు 9, రూ. 1,800. 100 నోట్లు 31, రూ. 3,100. 50 నోట్లు 22, రూ. 1,100. 20 నోట్లు 40, రూ. 800. 10 నోట్లు 65, రూ. 650. చిల్లర రూ. 182. మొత్తం రూ. 14,632. ముగ్గురి సంతకాలు, కోశాధికారి సంతకం. ఈ చీటీకి కార్బన్ నకలు ఒకటి తీర్మానాల పుస్తకం ఉండే బీరువాలోకే పోవాలి. సోమవారం బ్యాంకులో కట్టిన చలానాలో ఇదే మొత్తం, ఇదే పైసలతో ఉండాలి. ఆదివారం అత్యవసర ఖర్చు వచ్చిందని సంచిలోంచే తీసి, మిగిలింది బ్యాంకులో వేయడం దగ్గరే అంతా మొదలవుతుంది. వచ్చింది వచ్చినట్టు బ్యాంకుకే వెళ్లాలి, ఖర్చు చెక్కు ద్వారానే బయటికి రావాలి. ఇప్పుడు క్యూఆర్ కోడ్ కూడా ఉంది కదా. అది సంఘం ఖాతాదేనా, ఎవరి సొంత ఫోన్ నంబరుకైనా ముడిపడి ఉందా అన్నది ఏ సభ్యుడైనా పది రూపాయలు పంపి చూసుకోవచ్చు. ఆదివారం క్యూఆర్ ద్వారా వచ్చిన మొత్తాన్ని కూడా అదే చీటీ అడుగున రాయాలి. నెలకొకసారి ఒక పుట లెక్క వరండాలో అంటిస్తే చాలు, సగం గుసగుసలు ఆగిపోతాయి.

కాంగ్రిగేషనల్ సంప్రదాయంలో ‘విలువలు’ అన్న మాటకు పాత పేరు ఒడంబడిక. 1629లో మసాచుసెట్స్‌లోని సేలం ఊళ్లో కూడిన సంఘం రాసుకున్న ఒడంబడిక మొత్తం ఒకే ఒక వాక్యం. దేవుడితోనూ ఒకరితో ఒకరూ కట్టుబడి, ఆయన తన వాక్యం ద్వారా చూపిన కొద్దీ ఆయన దారుల్లో కలిసి నడుస్తామని దాని భావం. ‘చూపిన కొద్దీ’ అన్నది చూడండి. అంతా తెలిసిపోయిందని వాళ్లు అనుకోలేదు. మన సంఘాలు కూడా పన్నెండు పుటల విలువల పత్రం కాకుండా సగం పుట ఒడంబడిక రాసుకోవచ్చు. ఐదుగురు రాయాలి. వాళ్లలో ఇద్దరు ఆడవాళ్లు, ఒకరు పాతికేళ్ల లోపువాళ్లు ఉండాలి. అక్షరాలు రాని అవ్వకు చదివి వినిపిస్తే అర్థం కాని మాట ఏదైనా ఉంటే తీసేయాలి. మూడు నెలల పాటు కూటాల్లో వినిపించి, దిద్ది, అప్పుడు ఒప్పుకోవాలి. కొత్త సభ్యులు చేరే ఆదివారాన, ఏడాది మొదటి ఆదివారాన అందరూ లేచి నిలబడి గట్టిగా చదవాలి.

ఆ ఒడంబడికలో తప్పించుకోకుండా రాయాల్సినవి రెండున్నాయి. ఒకటి కులం. సంస్కారపు గిన్నె దగ్గర, పెళ్లి సంబంధాల దగ్గర, సమాధుల తోటలో ఎవరి వరస ఎక్కడన్న దగ్గర అది ఇంకా కనిపిస్తోంది. సభ్యులంతా సమానమనే మాట మీద నిలబడ్డ సంప్రదాయానికి వారసులమని చెప్పుకుంటూ దీన్ని మౌనంగా దాటేయడం తగదు. రెండోది ఆడవాళ్ల స్థానం. అమెరికాలో 1853లోనే ఆంటోనెట్ బ్రౌన్‌ను ఒక కాంగ్రిగేషనల్ సంఘం కాపరిగా (పాస్టరుగా) అభిషేకించింది. ఇంగ్లండులో 1917లో కాన్‌స్టన్స్ టాడ్‌ను అభిషేకించారు. మనకు అంత దూరం ఎందుకు, పక్కనే నంద్యాల డయాసిస్‌లో 2013లో పుష్పలలితగారు సీఎస్‌ఐలో మొదటి మహిళా బిషప్పు అయ్యారు. అయినా సంఘాన్ని నడిపే చాలా పాస్టరేట్ కమిటీల్లో స్త్రీల మైత్రి అనే ఆడవాళ్ల సమాజం నుంచి ఒక్కరిని పెట్టి సరిపెడుతున్నారు. హార్వెస్ట్ పండుగకు గంపలు మోసేదీ వేలం పాట నడిపేదీ వాళ్లే. లెక్క చూసేటప్పుడు మాత్రం బయట ఉంటున్నారు.

దర్శనం సంగతి తొందరగా చెప్పేస్తాం. ‘యువతను బలపరచడం’ దర్శనం కాదు, కోరిక. రానున్న మూడేళ్లకు ఒకటో రెండో పనులు, వాటికి మనుషులు, డబ్బు. పేటలోని పిల్లలకు సాయంత్రపు చదువు అనుకుందాం. 30 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు, నెలకు తలా రూ. 4,000, పది నెలలకు రూ. 80,000. పుస్తకాలు, కరెంటు రూ. 15,000. మొత్తం రూ. 95,000. సంఘంలో 120 కుటుంబాలుంటే ఇంటికి నెలకు రూ. 66 పడుతుంది. ఇలా లెక్క వేసి కూటం ముందు పెడితే ఔనో కాదో జనం చెప్పగలరు. ఆ పిల్లల్లో సంఘం పిల్లలే ఉండాలన్న షరతు పెట్టకూడదని మాత్రం మా కోరిక. జమ్మలమడుగులో లండన్ మిషన్ ఆస్పత్రి పెట్టింది ఊరందరికీ. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో పలు మిషన్లు కలిసి క్షయ రోగులకు శానటోరియం తెరిచిందీ ఊరూ పేరూ అడగకుండానే.

ఇక రిజిస్టర్లు. మా దృష్టిలో అసలైన ఆస్తి ఇదే. బాప్తిస్మం, వివాహం, భూస్థాపన రిజిస్టర్లు, పాత తీర్మానాల పుస్తకాలు. వీటిలో పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, ఊరు, వృత్తి, సాక్షుల గుర్తులు ఉంటాయి. తాతముత్తాతల పేర్లు ఇంకెక్కడా కాగితం మీద లేని కుటుంబాలకు అదే తొలి ఆధారం. 1876–78 ధాత కరువు చుట్టూ ఉన్న ఏళ్ల పుటలు మిగిలి ఉంటే వాటి విలువ చెప్పలేం. వెతికేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. అంతకుముందు చిత్తూరు ఉత్తర ఆర్కాట్ జిల్లాలో, మదనపల్లె కడప జిల్లాలో ఉండేవి. పాత పుటల మీద ఆ పేర్లే ఉంటాయి. చిత్తూరు వైపు తమిళంలో రాసిన పుటలూ తగలవచ్చు. తమిళం చదివే పెద్దవాళ్లు ఉండగానే కూర్చోబెట్టి చదివించుకోవాలి. వివాహాలకు 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం వర్తిస్తుంది. కాబట్టి ఆ రిజిస్టర్లు పోతే చరిత్ర ఒక్కటే పోదు, ఒక విధవరాలి పెన్షన్ కాగితం కూడా పోతుంది.

వీటిని పాడు చేసేది చాలాసార్లు మన ప్రేమే. చిరిగిన పుటకు సెల్లోటేపు వేస్తారు. కొన్నేళ్లకే దాని జిగురు పచ్చబడి కాగితంలోకి ఇంకి, టేపు ఊడిపోయి మరక మిగులుతుంది. లామినేషన్ ఇంకా ఘోరం. వేడికి సిరా దెబ్బతింటుంది, కాగితంలోని పులుపు (ఆమ్లం) లోపలే బందీ అయి దాన్ని పెళుసు చేస్తుంది, మళ్లీ విడదీయడం దాదాపు కుదరదు. పాత సిరా ఇనుపధాతువు కలిసినది. తేమ తగిలితే అక్షరం ఉన్నచోటే కాగితం తినుకుపోతుంది. కాబట్టి తడిగుడ్డతో తుడవకూడదు. మెత్తని పొడి కుంచెతో పుట మధ్య నుంచి అంచుకు దుమ్ము తోయాలి. చిరుగులకు పలుచని జపాన్ టిష్యూ, పలుచగా కాచిన గోధుమ జిగురు వాడాలి. చేతకాకపోతే ముట్టుకోకుండా ఆ పుటను పులుపు లేని కాగితం కవరులో పెట్టి ఉంచడమే మేలు.

బీరువాను గోడకు ఆరంగుళాలు ఎడంగా, కాళ్ల కింద రాతి దిమ్మెలు పెట్టి నిలపాలి. చెదలు గోడ పట్టుకునే వస్తాయి. నాఫ్తలీన్ ఉండలు చెదలను ఆపవు, తెరిచినవాళ్ల తల నొప్పెట్టిస్తాయి. వేపాకు వేయాలనుకుంటే బాగా ఎండబెట్టి గుడ్డ మూటలో అరమీద పెట్టాలి, పుటల మధ్య పెడితే మరక పడుతుంది. వానాకాలం పోగానే ఒకసారి అన్నీ బయటికి తీసి నీడలో గాలి తగలనివ్వాలి, ఎండలో కాదు.

ఫొటోలు తీయడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. ఏ4 పుటను 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల స్పష్టతతో, తీయడానికి దాదాపు 9 మెగాపిక్సెళ్లు చాలు. 12 మెగాపిక్సెళ్ల ఫోన్ సరిపోతుంది. ఫ్లాష్ ఆపి, కిటికీ పక్కన ఉదయపు వెలుగులో, ఫోన్‌ను స్టాండుకు బిగించి, ఒక్కో పుట విడిగా తీయాలి. అట్టనూ ఖాళీ పుటలనూ కూడా తీయాలి, లేకపోతే మధ్యలో ఏదో పోయిందేమోనన్న అనుమానం మిగులుతుంది. పుస్తకం 180 డిగ్రీలు విప్పదీయకూడదు, వెన్ను విరుగుతుంది. రెండువైపులా మడిచిన దుప్పట్లు పెట్టి సగం విప్పి తీయాలి. ఫైలు పేరులో రిజిస్టరు, ఏడాది, పుట సంఖ్య ఉండాలి. మూడు నకళ్లు చేసి ఒకటి ఊరి బయట ఉంచాలి. వీటిని వాట్సాప్ గుంపుల్లో మాత్రం పెట్టకండి. ఆ గడుల్లో కులం, తండ్రి పేరు లేని పుట్టుకలు, బహిష్కరణలు ఉంటాయి. బతికున్నవాళ్ల పరువు అందులో ఉంది.

కట్టడం విషయం. మన పాత చర్చిలు చాలావరకు రాయి, ఇటుక, గానుగ సున్నంతో కట్టినవి. కొన్నింటికి మద్రాసు టెర్రస్ మిద్దె, అంటే కర్ర దూలాల మీద ఇటుకా సున్నమూ వేసిన కప్పు. గోడ అడుగున పూత ఊడితే సిమెంటు పూస్తున్నారు, గ్రానైట్ పలకలు అంటిస్తున్నారు. రెండేళ్లకు ఆ పలకల పైభాగాన తేమ ఎక్కి ఇటుక పొడిపొడిగా రాలుతుంది. కారణం తేలికే. నేల నుంచి ఎక్కే చెమ్మ సున్నపు పూత గుండా బయటికి ఆరిపోయేది. సిమెంటు దారి మూసేయడంతో అది పైకి ఎక్కుతుంది. వెంట తెచ్చిన ఉప్పు ఇటుకలో గడ్డకట్టి దాన్ని లోపలి నుంచే పగలగొడుతుంది. మళ్లీ సున్నమే పూయాలి. రాతి సున్నాన్ని నీళ్లలో చల్లార్చి, జల్లెడ పట్టి, ముద్దను పైన నీళ్లు నిలిచేలా కనీసం మూడు వారాలు నానబెట్టాలి. ఒక పాలు ముద్దకు రెండు పాళ్లు ఉప్పు లేని ఇసుక. 100 చదరపు అడుగులకు 12 మిల్లీమీటర్ల మందాన, వృథాతో కలిపి, సుమారు 5 ఘనపుటడుగుల ఇసుక, రెండున్నర ఘనపుటడుగుల ముద్ద పడుతుంది. కరక్కాయ, బెల్లం నీళ్ల పాళ్లు మేస్త్రిని బట్టి మారతాయి. ఆ పని తెలిసిన మేస్త్రినే పట్టుకోవాలి. పూసే ముందు గోడను బాగా తడపాలి. పూత ఒక్కసారి 12 మిల్లీమీటర్లు దాటితే బీటలు వస్తాయి. తడి గోనెపట్టాలు కట్టి వారం పది రోజులు ఆరిపోకుండా చూడాలి. వేసవిలో మన ఎండకు మధ్యాహ్నం పూసిన పూత సాయంత్రానికే చిట్లుతుంది కాబట్టి ఈ పనిని వానలు తగ్గాక, నవంబర్ చివర నుంచి ఫిబ్రవరిలోపు పెట్టుకోవాలి. ముందుగా పైకప్పు మీద నీళ్లు నిలవకుండా గొట్టాలు శుభ్రం చేయకుండా గోడ బాగు చేసి లాభం లేదు.

కమిటీలలో ఉన్న పెద్దలకు మా విన్నపం ఒకటే. ఈసారి వార్షికోత్సవానికి ఫ్లెక్సీ కట్టే ముందు సభ్యుల జాబితాను వరండాలో అంటించండి, కూటానికి నోటీసు చదవండి. కాపరుల కుటుంబాలకూ పాత కోశాధికారుల కుటుంబాలకూ ఇంకో విన్నపం. మీ ఇళ్లలో అటక మీద, ట్రంకు పెట్టెల్లో సంఘం పుస్తకాలు ఏవైనా ఉండిపోయి ఉండొచ్చు. అవి ఎలా వచ్చాయని ఎవరూ అడగరు. దయచేసి తెచ్చి కూటం ముందు అప్పగించండి, రసీదు తీసుకోండి, అందిన సంగతి ఆనాటి తీర్మానాల పుస్తకంలో రాయించండి.

ఇట్లు,
పాత సంఘాల రిజిస్టర్లు, లెక్కలు, కట్టడాల పనిలో ఉన్న కొందరు సభ్యులు,
చిత్తూరు, తిరుపతి.